చిన్న శాస్త్రములు, పత్రికల తరగతులు : తెలుగు పరిశోధన పక్షమున ఒక విమర్శ

విద్యాలోకమున కొలత క్రొత్త వస్తువు గాదు. రాజాస్థానములలో పండితుల తారతమ్యమును తేల్చుటకు పరీక్షాధికారులుండిరి. అవధాన సభలలో పృచ్ఛకులుండిరి. శాస్త్రార్థము జరిగినచోట మధ్యస్థుడుండెను. అయితే అక్కడ కొలుచువాడు కొలువబడు విద్యను ఎరిగినవాడు. సమస్య నిచ్చువానికి ఛందస్సు తెలియును. దత్తపది నిచ్చువానికి పదము బరువు తెలియును. ఈ కాలమున విశ్వవిద్యాలయములలో స్థిరపడిన కొలత వేరొక జాతికి చెందినది. అది వ్యాసమును చదువదు. వ్యాసము అచ్చైన పత్రిక పేరును చూచి, ఆ పత్రిక ఏ పట్టికలో ఏ తరగతిలో నున్నదో చూచి, వ్యాసమునకు వెల కట్టును. పెద్ద శాస్త్రములు ఈ కొలతను ఎట్లో భరించుకొనుచున్నవి. చిన్న శాస్త్రములు దీనిముందు ఎట్లు నిలిచినవి, ఎక్కడ వంగినవి, ఎక్కడ ఎదిరించినవి, వానిలో తెలుగు పరిశోధన నడత ఎట్టిది అను ప్రశ్న ఇచట విచార్యము.

మొదట ఈ కొలత పుట్టుకను చెప్పవలసియున్నది. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అను సమాచారశాస్త్రజ్ఞుడు 1955లో ఒక ఆలోచనను ప్రకటించెను. ఒక శాస్త్రవ్యాసమును తరువాత ఏయే వ్యాసములు పేర్కొన్నవో వరుసగా కూర్చినచో ఆ శాస్త్రము నడచిన దారి కంటికి కనబడునని ఆయన తలంపు. ఆ తలంపు ఫలితముగా 1964లో విజ్ఞానశాస్త్రముల ఉల్లేఖసూచిక వెలువడినది. లోకమునందలి పత్రికలన్నిటిని అందులో చేర్చుట అసాధ్యము గనుక, వేనిని చేర్చవలెనో తేల్చుటకు ఒక లెక్క కావలసివచ్చెను. గడచిన రెండు సంవత్సరములలో ఒక పత్రిక ప్రకటించిన వ్యాసములను ఈ సంవత్సరమున ఎన్ని మారులు పేర్కొనిరో లెక్కించి, ఆ సంఖ్యను ఆ వ్యాసముల సంఖ్యచే భాగింపగా వచ్చిన లబ్ధమే ఇంపాక్టు ఫాక్టరు. తెలుగున దీనిని ప్రభావాంకమనవచ్చును. 1975 నుండి ఈ అంకముల పట్టికలు వెలువడుచున్నవి. ఏ పత్రికకు చందా కట్టవలెనో తెలియక తికమకపడు గ్రంథాలయాధికారికి ఇది చక్కని పనిముట్టు. పనిముట్టునందు దోషము లేదు; కొడవలితో గడ్డము గీయబూనినవానిదే దోషము.

ఇందు రెండు సంవత్సరములన్న గడువే అన్నిటికంటె విచారింపదగినది. రసాయనశాస్త్రమున రెండేండ్లు దీర్ఘకాలమే కావచ్చును. తెలుగు సాహిత్యచరిత్రలో అది ఒక వాదమునకు నాంది కూడ గాదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవమును వెలికి తెచ్చి, ఈ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించెను. అంతట పుట్టిన చర్చ ఒక తరముతో ముగియలేదు. కొందరు శాసనములను తెచ్చిరి, కొందరు వ్యాకరణమును, కొందరు ఛందోవిశేషములను తెచ్చిరి. కవికాలము పది, పన్నెండు, పదుమూడు శతాబ్దుల మధ్య ఊగులాడినది. నేటికిని నన్నెచోడునిపై వ్రాయువాడు 1909 నాటి ఆ పీఠికను ముట్టక వ్రాయలేడు. ప్రభావాంకపు కిటికీనుండి చూచినచో ఆ పీఠిక 1911తోనే కనుమరుగగును. దానికి సమాధానములు వ్రాసినవారు అప్పటికి ఇంకను తాళపత్రములను సరిచూచుకొనుచుందురు. ఒక శతాబ్దముపాటు చదువరులను నడిపించిన రచన లెక్కలో సున్నయై నిలుచునట్టి గణితమును తెలుగు శాఖలు తలవంచి అంగీకరించుట వింతయే.

రెండవ చిక్కు పరిమాణమునకు సంబంధించినది. చిన్న శాస్త్రమనగా తక్కువ విలువగల శాస్త్రమని అర్థము గాదు. వ్రాయువారును చదువువారును కొలదిమంది యగుట, విషయము ఒక భాషకో ఒక నేలకో కట్టుబడియుండుట దాని లక్షణములు. తెలుగు శాసనలిపి, తాళపత్ర ప్రతుల పరిష్కరణము, ప్రాంతీయ నాటకచరిత్ర, సరిహద్దు మాండలికములు ఇట్టివి. వీనిలో ఒక వ్యాసమును నిజముగా పరీక్షింపగలవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. అట్టి నలుగురు చదివి నలుగురును మెచ్చిన వ్యాసమునకు నాలుగు ఉల్లేఖములు వచ్చును. వేలమంది పనిచేయు శాస్త్రమున అంతగా పట్టించుకొనబడని వ్యాసమునకు కూడ అంతకంటె ఎక్కువ రావచ్చును. అదియైనను పత్రిక సూచికలో చేరియున్నప్పటి మాట. చేరని పత్రికకు సున్న కూడ రాదు. సున్న వచ్చుట వేరు, లెక్కలోనే లేకపోవుట వేరు. కార్యాలయపు కాగితముపై మాత్రము రెండును ఒకటే.

ఇక మన దేశమున ఈ వ్యవహారము నడచిన తీరు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము, అనగా యు.జి.సి., 2010 నాటి నిబంధనలలో అధ్యాపకుల పదోన్నతులకు అంకెల పద్ధతిని ప్రవేశపెట్టెను. వ్యాసమునకిన్ని, గ్రంథమునకిన్ని, సదస్సునకిన్ని అని లెక్క. అంకెలు వచ్చిన వెంటనే అంకెలను సంపాదించిపెట్టు అంగళ్ళు కూడ వచ్చినవి. డబ్బు పుచ్చుకొని పది దినములలో వ్యాసమచ్చువేయు పత్రికలు అన్ని భాషలలోను పుట్టినవి. వానిని అదుపు చేయుటకై సంఘము 2017 జనవరిలో ఆమోదిత పత్రికల పట్టిక నొకదానిని ప్రకటించెను. అందు 38,653 పత్రికలు కలవు. అవి చాలవరకు విదేశ సూచికలనుండి ఎత్తినవి. దేశభాషల పత్రికలు ఆ సూచికలలో లేకుండుటచే గగ్గోలు పుట్టినది. విశ్వవిద్యాలయములే తమకు తోచిన పత్రికలను సిఫారసు చేయవచ్చునని వెసులుబాటు కలిగించిరి. ఆ తలుపు తెరచినంతనే మంచివానితోపాటు ఎట్టివి లోనికి వచ్చినవో 2018 మార్చిలో కరెంట్ సైన్స్ పత్రికలో భూషణ్ పట్వర్ధన్ మున్నగువారు ప్రకటించిన పరిశీలన బయటపెట్టినది. విశ్వవిద్యాలయముల సిఫారసుపై చేరినవానిలో 1,009 పత్రికలను పరీక్షింపగా నూటికి ఎనుబదియెనిమిదికి పైగా కనీస ప్రమాణములకు నిలువలేదు. అదే సంవత్సరము మే 2వ తేదీన 4,305 పత్రికలను పట్టికనుండి తొలగించిరి. 2019 జూన్‌లో 'కేర్' అను క్రొత్త పట్టిక వచ్చెను. అందు కొన్ని తెలుగు పత్రికలకు కూడ చోటు దొరకినది. తుదకు ఆ పట్టికను కూడ సంఘము చాలించుకొన్నది. 2024 అక్టోబరు 3వ తేదీన నిర్ణయము జరిగినది. 2025 ఫిబ్రవరి 11వ తేదీన ప్రకటన వెలువడినది. పత్రికల మంచిచెడుగులను ఇకపై ఆయా విద్యాసంస్థలే విచారించుకొనవలెనని దాని సారము.

ఎనిమిదేండ్లలో ఒక పట్టిక పుట్టి, పెరిగి, కత్తిరింపబడి, పేరు మార్చుకొని, రద్దయినది. ఒక పరిశోధకుడు తన సిద్ధాంతగ్రంథమును మొదలిడి ముగించులోపల అతని వ్యాసముల వెల మూడు మారులు మారియుండును.

పట్టిక పోయినను అంకెలు పోలేదు. 2018 జూలై నిబంధనలలోని లెక్కను ఒకసారి చూచుట మంచిది. దీనిని చూచినవారు తక్కువ, దీనిచే బాధపడినవారు ఎక్కువ. భాషలు, మానవీయ శాస్త్రములలో తద్విద్యుల పరిశీలనకు లోనైన పత్రికలో వెలువడిన ఒక వ్యాసమునకు 10. ప్రభావాంకము లేని పత్రికయైనచో దానిపై అదనము 5. ప్రభావాంకము పదికి మించినచో అదనము 30. జాతీయస్థాయి ప్రచురణకర్త అచ్చువేసిన గ్రంథమునకు 10. అన్యభాషనుండి అనువదించిన సంపూర్ణ గ్రంథమునకు 8.

ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెలుగు విద్యపట్ల ఈ కొలతకు గల అభిప్రాయము మరి వ్యాఖ్యానము లేకయే తెలియును. పది సంవత్సరములు ఊరూర తిరిగి కూర్చిన నిఘంటువునకు 10. ఎనిమిది పుటల వ్యాసమునకును 10. ఒక కన్నడ మహాగ్రంథమును తెలుగునకు తెచ్చుటకు 8. అనగా అనువాదకుడు గ్రంథమంతయు అనువదించుటకంటె దానిపై నాలుగు మాటలు వ్యాసముగా వ్రాయుట లాభము. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము వ్యవసాయ పదములది. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో వెలువడిన ఆ పని, పల్లెలలో రైతుల నోటినుండి మాటలను ఏరి తెచ్చిన పని. నేడు ఒక యువాధ్యాపకుడు అట్టి పనికి పూనుకొనినచో అతని శ్రేయోభిలాషులు మొదట చెప్పునది మానుకొమ్మనియే. వారు చెడ్డవారు కారు, లెక్క తెలిసినవారు.

ఇట్టి స్థితిలో చిన్న శాస్త్రములు ఏమి చేయవలెను? యూరపులో ఒక చిన్న శాస్త్రము చేసిన పని తెలుగువారు ఎరుగదగినది. యూరోపియన్ విజ్ఞాన ప్రతిష్ఠానము మానవీయశాస్త్రముల పత్రికలకు ఒక సూచికను తలపెట్టి, 2007, 2008 సంవత్సరములలో వానిని ఎ, బి, సి అని మూడు తరగతులుగా విభజించి ప్రకటించినది. విజ్ఞానశాస్త్ర చరిత్రను, వైద్యచరిత్రను వ్రాయువారు సంఖ్యలో బహు కొలదిమంది. ఆ శాఖకు చెందిన పత్రికల సంపాదకులు పలువురు కూడి, తమ పత్రికలకు ఆపద వచ్చినదని ఒక ఉమ్మడి ప్రకటనము వ్రాసి, దానిని 2009 ప్రాంతమున తమ తమ పత్రికలలో ప్రకటించిరి. తమ పత్రికల పేర్లను ఆ సూచికనుండి తొలగింపుడని కోరిరి. వారి వాదము సరళమైనది. ఉత్తమ వ్యాసము ఏ పత్రికలోనైనను రావచ్చును. తరగతులు చేసినవారు ఎట్లు చేసిరో చెప్పలేదు. క్రింది తరగతి ముద్ర పడిన పత్రికకు ఇక మంచి వ్యాసములు రావు, రాకపోవుటచే ఆ ముద్రయే తుదకు నిజమగును. ఇందు గమనింపదగిన విశేషము, ఎ తరగతి వచ్చిన పత్రికల సంపాదకులు కూడ ఆ ప్రకటనమున చేరుట. తమకు మేలు చేసిన పట్టికను తామే వలదనిరి. ప్రతిష్ఠానము తరువాతి కూర్పున ఎ, బి, సి లను విడిచి, పత్రిక అంతర్జాతీయ పరిధి గలదియా జాతీయ పరిధి గలదియా అను విభాగమునకు దిగినది. పూర్తి విజయమనరాదు. అయినను తరగతి పోయి పరిధి వచ్చుట చిన్న మార్పు గాదు.

ఆస్ట్రేలియాలో మార్గము వేరు. అక్కడ 2010 నాటి పరిశోధన మూల్యాంకనమున ఇరువదివేలకు పైబడిన పత్రికలకు నాలుగు తరగతులు కట్టిరి. ఫలానా తరగతి పత్రికలలో ఇన్ని వ్యాసములు వ్రాయవలెనని సంస్థలు తమ అధ్యాపకులకు లక్ష్యములు విధింపసాగినవని తెలిసి, 2011 మే నెలలో మంత్రి కిమ్ కార్ ఆ తరగతులను రద్దు చేసెను. 2015 నాటి లైడెన్ ప్రకటన స్థానికావసరమునకు సంబంధించిన పరిశోధనను కాపాడవలెననియు, 2019 నాటి హెల్సింకి ప్రకటన పరిశోధనలో బహుభాషలను నిలుపవలెననియు కోరినవి. ఇట్టి ప్రకటనలు కాగితముపై అందముగా నుండును. సెలెక్షను కమిటీ గదిలోనికి అవి ఎంతవరకు ప్రవేశించునో చెప్పనక్కరలేదు.

తెలుగు శాఖల ప్రతిస్పందన ఈ రెండు మార్గములలో దేనికిని చేరదు. మన సంపాదకులు కూడి ఒక ఉమ్మడి ప్రకటనము చేయలేదు. తెలుగు పరిశోధనకు ఏది ప్రమాణమో మనమే వ్రాసికొని ఇదిగో అని చూపలేదు. పట్టిక వచ్చినప్పుడు పట్టికలో చేరుటకు యత్నించిరి. పట్టిక మారినప్పుడు వ్యాసములను క్రొత్త పట్టికలోని పత్రికలకు మరలించిరి. చేరిన పత్రికలను తప్పుపట్టుట న్యాయము గాదు; చేరనిచో విద్యార్థులకు గతి లేదు. కాని పత్రికల రూపమును చూచినచో వంగిన తీరు తెలియును. తెలుగు వ్యాసమునకు ఆంగ్లమున సంగ్రహము, ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య, సలహాసంఘములో పొడుగాటి పేర్ల వరుస వచ్చినవి. ఐ.ఎస్.ఎస్.ఎన్. అనునది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే. బండికి నంబరు పలక యుండుట బండి మంచిదనుటకు సాక్ష్యము గానట్లే, ఆ సంఖ్య పత్రిక నాణ్యమునకు సాక్ష్యము గాదు. అయినను ముఖపత్రముపై దానిని పెద్ద అక్షరములతో అచ్చొత్తించి బిరుదమువలె ధరించుట సామాన్యమైనది. రూపము వచ్చినది, పరీక్ష వచ్చెనా యన్నది ప్రశ్న. ఒక వ్యాసమును ఒక పండితుడు చదివి, ఇందు రెండవ ప్రకరణము తప్పు, ఈ శాసనపాఠము సరికాదు, తిరిగి వ్రాయుమని పంపుట యెంత తరచుగా జరుగుచున్నది? అచ్చైన వ్యాసములలో ఒకే తప్పు తేదీ పుస్తకమునుండి పుస్తకమునకు నడచివచ్చుట చూచినవారికి సమాధానము తెలియును.

ఇక్కడ భారతిని స్మరింపక తప్పదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో స్థాపించిన ఆ మాసపత్రిక 1991 వరకు నడచినది. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారి పరిశోధనము ఎంతయో అందు వెలుగు చూచినది. ఆ పత్రికను నేటి ప్రమాణములతో పరీక్షించినచో అది నెగ్గునా? నెగ్గదు. అందు కథలుండెను, పద్యములుండెను, చిత్రములుండెను. శాసనచర్చ ప్రక్కనే నవల యుండెను. పరిశోధన పత్రికయనుటకు నేటి అధికారి ఒప్పుకొనడు. కాని భారతిలో ఒక పండితుడు ఒక మాట వ్రాసినచో మరియొకడు తరువాతి సంచికలలో దానిని ఖండించుచు వ్రాయుటకు తావుండెను. ఆ ఖండనము రహస్యముగా సంపాదకుని బల్లపై నిలిచిపోలేదు. చందాదారులందరి యెదుట జరిగినది. కథకై పత్రిక కొన్న గృహస్థుడు కూడ ఆ వాదమును చదివెను. తద్విద్యుల పరిశీలనయని నేడు చెప్పుకొనుచున్నది చీకటిగదిలో ఇద్దరు చేయు పని. అక్కడ బయట అరుగుమీద జరిగినది. ఈ రెండింటిలో ఏది కఠినమైన పరీక్షయో చెప్పుట సులభము కాదు గాని, అరుగుమీది పరీక్షకు ప్రభావాంకము అక్కరలేదని మాత్రము స్పష్టము. భారతిలో లోపములు లేకపోలేదు. వ్యక్తిగత దూషణములకు దిగిన వాదములు కూడ ఆ కాలపు పత్రికలలో కలవు. వానిని ఆదర్శముగా గొనుమనుట లేదు.

ఈ సమస్య సరిహద్దు ప్రాంతమున రెండింతలగును. సిరుగుప్ప తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీవరకు మదరాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాలోనిది. ఆనాడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, సిరుగుప్ప మున్నగు తక్కిన తాలూకాలు మైసూరునకును పోయినవి. గీత కాగితముపై తిన్నగా పడినది. తుంగభద్ర నీరు, వరిమడి, ఇంటిమాట గీతను పాటింపలేదు. ఇచటి రైతు నోట తెలుగు వడ్లును కన్నడ భత్తయు, తెలుగు నారును కన్నడ ససియు ప్రక్కప్రక్కన నిలుచును. కన్నడమున నారుమడిని ససిమడి యన్నప్పుడు ఆ మడి ఎవరిదని విడదీయగలము? విజయనగరకాలపు సిరుగుప్ప, దేశనూరు కాలువలనుండి తుంగభద్ర ఆనకట్ట క్రింది కాలువలవరకు నీటిపారుదల మాటలను ఈ తాలూకాలో ఏరి కూర్చినచో అది రెండు భాషల చరిత్రకును పనికివచ్చును. ఆ వ్యాసమును ఎవరు అచ్చువేయుదురు? తెలుగు పత్రిక దానిలోని కన్నడభాగమును పరీక్షింపజాలదు. కన్నడ పత్రిక తెలుగుభాగమును చూచి తెలుగువారికి పంపుమనును. ఆంగ్ల పత్రిక సిద్ధాంతమేదియని అడుగును. పట్టికలు భాషలవారీగా గడులు గీసినవి. రెండు గడుల నడుమ పడినదానికి గడి లేదు.

నాటకచరిత్ర విషయమును చూడుడు. తెలుగున ఆధునిక నాటకమునకు బళ్ళారి పుట్టినిల్లు వంటిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853-1912, కోలాచలము శ్రీనివాసరావు 1854-1919 ఇరువురును ఆ పట్టణమున న్యాయవాదులుగా నుండి, ఒకరు సరసవినోదినీ సభను, ఒకరు సుమనోరమ సభను నడిపిరి. శ్రీనివాసరావు ప్రపంచ నాటకచరిత్రను ఆంగ్లమున వ్రాసెను. బళ్ళారి రాఘవ 1880-1946 తెలుగునను, కన్నడమునను, ఆంగ్లమునను నటించెను. ఈ మువ్వురి చరిత్రను వ్రాయువాడు మూడు భాషలను ఎరుగవలెను. మద్రాసు కాలపు ప్రభుత్వపత్రములను వెదకవలెను. నేటి కర్ణాటకమున నున్న ఊళ్ళలో తిరిగి, నేటి ఆంధ్రప్రదేశమున నున్న గ్రంథాలయములలో కూర్చుండవలెను. ఇది ఏండ్లు పట్టు పని. ఏటికి రెండు వ్యాసములు కావలసిన అధ్యాపకుడు ఈ పనికి రాడు. వచ్చినవాడు దానిని ముక్కలు చేసి, ఒక నాటకమునకొక వ్యాసముగా, ఇదివరకు అందరికిని తెలిసిన కథను మరల చెప్పును. ఇట్టి ముక్కల పరిశోధన పెరిగినకొలది చరిత్ర పెరుగదు.

మరియొక ఉదాహరణము ఇంకను దగ్గరిది. సిరుగుప్ప తాలూకాలోని టెక్కలకోట గుట్టలలో నవశిలాయుగపు మానవుల నివాసములు బయటపడినవి. ఎం. ఎస్. నాగరాజరావు, కె. సి. మల్హోత్రా ఆ త్రవ్వకములను గూర్చి వ్రాసిన గ్రంథము 1965లో పుణె డెక్కను కళాశాలనుండి ఆంగ్లమున వెలువడినది. బళ్ళారి జిల్లాలోనివే యగు నిట్టూరు, ఉదెగొళ్ళము శిలలపైని ధర్మలిపులలో అశోకుని పేరే స్పష్టముగా కలదు. దేశమున అట్టి శిలలు అరుదు. ఈ తాలూకాలోని తెలుగు పాఠశాలలో చదువు బిడ్డకు తన ఊరి చెంతనున్న ఈ విషయములను తన మాటలో చెప్పవలెనన్న, ఎవరో ఒకరు ఆ ఆంగ్లమును తెలుగు చేయవలెను, తప్పులేకుండ చేయవలెను. పాఠశాలోపాధ్యాయుడు విశ్వవిద్యాలయముల లెక్కకు వెలుపలివాడు. అతనికి పది అంకెలు వచ్చునది లేదు, పోవునది లేదు. కాని అతడు తరగతిలో చెప్పు మాటకు ఆధారమగు పుస్తకమును వ్రాయవలసినవాడు ఆ లెక్కలో చిక్కుకొనియున్నాడు. అనువాదమునకు ఎనిమిది వేసి వ్యాసమునకు పది వేసిన కలమునకు సిరుగుప్పలోని ఆ బిడ్డ కనబడడు.

పాఠశాలోపాధ్యాయులు పరిశోధనకు పరాయివారు కారనుటకు గిడుగు రామమూర్తియే చాలు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. పర్లాకిమిడియు సరిహద్దు పట్టణమే. 1936లో ఒరిస్సాకు చేరినది. ఆయన కొండలలోని సవరల భాషను నేర్చి, వారికై బడులు పెట్టించి, ఆ భాషను గూర్చిన వివరణగ్రంథమును 1931లో వెలువరించెను. నేటి భాషాశాస్త్రజ్ఞులు ముండా భాషల విచారమున దానిని విడువలేరు. ఏ పట్టికలోని ఏ తరగతి పత్రికయు ఆ పనిని పుట్టింపలేదు. అయితే ఇందుండి పట్టికలు లేనిచో గిడుగులు పుట్టుదురని వాదించుట అమాయకత్వము. గిడుగువంటివారు అన్ని కాలములలోను అరుదు. నియమములు సామాన్యునికై చేయవలసినవి. సామాన్యుడగు అధ్యాపకుడు నిజాయితీతో మితమైన పనిని చక్కగా చేసినచో అది గుర్తింపబడునా యన్నదే నియమమునకు పరీక్ష. ఇప్పటి లెక్కలో గుర్తింపబడునని చెప్పలేము.

విమర్శ ఇతరులపైననే ఆగుట ధర్మము గాదు. సంఘములు వెలువరించు ఈవంటి విశేష సంచికల మాట కూడ చెప్పవలెను. ఇట్టి సంపుటములకు విశ్వవిద్యాలయపు లెక్కలో విలువ లేకపోవుటను అన్యాయమని తెలుగు సంఘములు తరచు వాపోవును. ఆ మాటలో సగమే నిజము. ఊరి చరిత్ర, వంశచరిత్ర, కళాకారుల జీవితములు వీనిలో తప్ప మరియెక్కడను అచ్చు కాలేదు. కొన్ని సమాచారములకు వీనిని మించిన ఆధారము లేదు. కాని వీనిలో వ్యాసములను ఎట్లు ఎన్నుకొందురు? సంఘమునకు చందా ఇచ్చిన పెద్దల వ్యాసము త్రోసిపుచ్చుటకు ఎవరికి ధైర్యము? ఉత్సవమునకు వారము దినములు ముందు ముద్రాలయమునకు పోవు ప్రతిని ఎవరు సరిచూతురు? ఉత్సవము ముగిసిన పిమ్మట కట్టలు కట్టలుగా మిగిలిన ప్రతులు ఏ గ్రంథాలయమునకు చేరును? చేరనిచో ఇరువది సంవత్సరముల పిమ్మట ఆ వ్యాసము ఉన్నదని తెలిసినను చూచుట యెట్లు? డబ్బు తీసికొని అచ్చువేయు పత్రికను నిందించునప్పుడు, మొగమాటముచే అచ్చువేయు సంచికను విడిచిపెట్టుట చెల్లదు. మొగమాటము డబ్బుకంటె మర్యాదగల దోషమే. దోషము మాత్రము దోషమే.

2025లో పట్టిక తొలగిపోయినప్పుడు చిన్న శాస్త్రములు సంతోషింపదగిన అవకాశము కలిగినది. విలువకట్టు భారము తిరిగి శాఖల చేతికి వచ్చినది. ఆ భారమును మోయుటకు ఏ శాఖ సిద్ధముగా నున్నది? ఊరకున్నచో కార్యాలయములు పాత పట్టికనే సొరుగులోనుండి తీసి వాడుకొనుటయో, లేక స్కోపస్ వంటి విదేశ సూచికలనే శరణు చొచ్చుటయో జరుగును. అప్పుడు తెలుగు పరిశోధన 2017 జనవరి నాటి స్థితికి తిరిగి వచ్చినట్లే.

చేయదగిన పని పెద్దది గాదు. తెలుగు శాఖలును పత్రికలును కూడి, తమ విద్యలో ఏ పనికి ఎంత కాలము పట్టునో, శాసనపరిష్కరణమునకు, నిఘంటువునకు, అనువాదమునకు వ్యాసముతో ఏ నిష్పత్తిలో విలువ కట్టవలెనో వ్రాసి, గ్రాంట్ల సంఘమునకు పంపవలెను. యూరపు సంపాదకులవలె పేర్లతో సంతకములు చేయవలెను. సరిహద్దు విషయములకు తెలుగు, కన్నడ పత్రికలు ఒకదానికొకటి పరీక్షకులను ఇచ్చుకొనవలెను. బళ్ళారి నాటకముపై వ్రాసినదానిని ఒక తెలుగు పండితుడును ఒక కన్నడ పండితుడును చదివిన పిమ్మటనే అచ్చువేయవలెను. ఇక సంఘముల విశేష సంచికల విషయమున, ప్రతి వ్యాసము అంతమున దానిని చదివి సరిచూచినవారి పేరును అచ్చువేయుట, తిరస్కరించిన వ్యాసముల సంఖ్యను పీఠికలో చెప్పుట, రాబోవు సంపుటమున ఖండనములకు నాలుగు పుటలు విడుచుట, సిరుగుప్ప, బళ్ళారి, ఆదవాని గ్రంథాలయములకు రెండేసి ప్రతులు ఉత్సవమునకు ముందే పంపుట సంపాదకుల చేతిలోని పనులే. వీనికి ఏ అధికారి అనుమతియు అక్కరలేదు. తిరస్కరించిన వ్యాసముల సంఖ్య సున్నయైనచో, ఆ సున్నను కూడ అచ్చువేయవలసియుండును.